వాసన లేదన్నాం అందరం

మా మనవడి పెళ్ళాం తుమ్మింది. ఒక తుమ్ము తుమ్మి ఊరుకోలేదు, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా తుమ్మింది.

శ్రావణమాసం నడుస్తోంది. ఇంట్లో కారం సీసా తప్ప ఎండుమిరపకాయ అన్నది లేదు. పండిన కాయంతా వేసవిలోనే గుంటూరు యార్డుకు పోయింది, కొత్త నారు ఇంకా మడిలోనే ఉంది. ఆ పిల్లది విశాఖపట్నం. పెళ్ళయ్యాక మా ప్రత్తిపాడుకు రావడం ఇదే మొదలు. దుప్పటి కోసం నా బీరువా తెరిచి, పై అరలో పాత చీరముక్కలో చుట్టిపెట్టిన పెట్టెను చూసింది. ఏమిటా అని విప్పింది.

"మామ్మగారూ, ఇది వాచీల పెట్టె కదూ! ఎంత బావుందో. ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. విరిగిన మంచం కోళ్ళిచ్చి చేయించుకున్నాను."

"మీరు వాచీ పెట్టుకుంటారా?"

"పెట్టుకోను."

ఆ పిల్ల నవ్వి మూత ఎత్తింది. పట్నం వాళ్ళు దేన్ని చూసినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు, సబ్బయినా చెక్కయినా. ముఖం లోపలికి వంచి గట్టిగా పీల్చింది. అంతే, తుమ్ములు అందుకున్నాయి.

"దీంట్లో కారం ఏమన్నా పోశారా మామ్మగారూ? గొంతు మండిపోతోంది."

పెట్టెను ఆమె చేతిలోంచి తీసుకుని మంచం మీద కూర్చున్నాను. ఇట్లాంటి తుమ్ము ఆ రోజున ఈ ఊళ్ళో ఒక్కరికి వచ్చి ఉంటే, ఒక మనిషి వడ్రంగిగా బతికి వడ్రంగిగానే పోయేవాడు.

ఊళ్ళో ఆయన్ని పెట్టెలాయన అనేవాళ్ళు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, అక్కడే ఉండిపోయింది. దూదేకుల వాళ్ళ మనిషి. తండ్రి పరుపులకూ దిండ్లకూ పత్తి ఏకేవాడు. ఏకే విల్లు విరిగితే బాగుచేయబోయి ఈయనకు చెక్కపని అబ్బింది. మొదట్లో బండిచక్రాలు, గొర్రు జడ్డిగాలు చేసేవాడు. విత్తనం వెదబెట్టేటప్పుడు గింజలు పోసే చెక్కగిన్నెను జడ్డిగం అంటారు, దాని బెజ్జాలు సమంగా లేకపోతే చేను ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా మొలుస్తుంది. ఈయన చేసిన జడ్డిగంతో మా ఇంటాయన పెట్టిన చేను జడ అల్లినట్టు ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక జడ్డిగం అడిగేవాడు లేడు. తలుపులు చేద్దామంటే అవీ కొట్లో తయారుగా వచ్చేశాయి.

మా మిరపకాయల షెడ్డు పక్కనే ఆయన కొట్టం. రెంటికీ మధ్య ఒక తడిక. ఇటు ఆడవాళ్ళు కాయలకు తొడిమలు తీస్తుంటే అటు ఆయన చిత్రిక పట్టేవాడు. తొడిమలు తీసే వాళ్ళు మాటలు ఆపితే చిత్రిక చప్పుడు వినపడేది, చిత్రిక ఆగితే వీళ్ళ మాటలు ఆయనకు వినపడేవి. అందుకని వీళ్ళు ఆయన మీద ఏదన్నా అనాలంటే చిత్రిక నడిచేటప్పుడే అనేవాళ్ళు. ఆయన అది కనిపెట్టి ఊరికే ఖాళీ బల్లమీద చిత్రిక ఆడిస్తూ చెవి ఇటు పెట్టేవాడు.

పొట్టి మనిషి. చెవిమీద పెన్సిల్ ఉండేది, దాంతో గీత గీయగా నేను చూడలేదు. గోటితోనే గీసేవాడు. చెక్క ఎలాంటిదో చూడాలంటే బొటనవేలు నాకి చెక్కమీద రుద్దేవాడు. తడి తగిలిన మేర రంగు లేచేది. పాలిష్ పట్టాక చెక్క ఏ రంగులో తేలుతుందో ఆ తడిలో తెలిసిపోతుందట.

"ఛీ, లక్షాధికార్లు వాచీలు పెట్టుకునే పెట్టెకు నీ ఎంగిలా?" అన్నాను ఒకసారి.

"వాళ్ళకి తెలవదుగా పెద్దమ్మా. మీరు చెప్పబాకండి," అన్నాడు.

కుర్చీలో కూర్చునేవాడు కాదు. తను చేసిన కుర్చీలో అయినా సరే. బాసింపట్టు వేసి నేలమీదే. ప్లాస్టిక్ కుర్చీ అంటే మరీ మంట. పెళ్ళిళ్ళలో భోజనం పూర్తయ్యేదాకా నిలబడే ఉండేవాడు. ఎవరన్నా మర్యాదకు ఎర్ర కుర్చీ లాగి కూర్చోమంటే, "అది కుర్చీ ఏందయ్యా, బకెట్టుకు కాళ్ళు పెట్టారు," అనేవాడు.

తొందర అంటే గిట్టదు. "చెక్కకు పగ ఉంటది పెద్దమ్మా. ఇవ్వాళ తొందరపెడితే ఇవ్వాళేం అనదు. ఆర్నెల్లకు తీర్చుకుంటది," అనేవాడు. ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో. తొడిమలు తీసే ఆడవాళ్ళు దాన్ని పట్టుకుని, ఎవరి కోడలు మొండిదైతే ఆ కోడలికి అంటగట్టి నవ్వుకునేవాళ్ళు.

పెట్టెల సంగతి అల్లుడితో మొదలయింది. కూతురి పెళ్ళికి అల్లుడికి వాచీ పెట్టారు. వాచీ వచ్చిన అట్టపెట్టె చూసి ఈయనకు తల కొట్టేసినట్టయింది. కొట్టంలో పడి ఉన్న ఇరుగుడు చేవ ముక్క తీసి, ఆరబెట్టే పని లేకపోవడంతో వెంటనే ఒక చిన్న పెట్టె చేసి పెళ్ళిలో ఇచ్చాడు. ఇరుగుడు అంటే మామూలు చెక్క కాదు. ఇప్పుడు అడవిలో ఉన్నా కొట్టనివ్వరు. పాత ఇళ్ళ ద్వారబంధాల్లో, పందిరిమంచాల్లో దొరకాలంతే. వంకాయరంగు నలుపు, మధ్యలో తేనె చారలు. ఎర్రచందనంతో చెయ్యరాదా అని ఎవరో అంటే, "పెట్టెకంటే ముందు నన్ను పెడతారు లోపల," అన్నాడు.

ఆ పెట్టె సంగతి ఎవరి నోటనో హైదరాబాదు దాకా పోయింది. పాత తలుపులు కొనుక్కుపోయే అబ్బాయి ఒకడు కారులో వచ్చాడు. ఖరీదైన గడియారాలు అమ్మే కొట్టుందట వాడికి. అల్లుడి దగ్గర పెట్టె తెప్పించి, మూత ఎత్తి, వదిలాడు. మూత ధడాలున పడలేదు. లోపలి గాలి బయటికి పోయేదాకా ఆగి, మెల్లగా, అలిసిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. చివర్లో హుష్‌మని చిన్న చప్పుడు. మేకు లేదు, అంచుల్లో వెంట్రుక దూరే సందు లేదు కాబట్టి గాలికి దారి లేక అట్లా దిగుతుంది. పెట్టెలాయన తల పక్కకు వాల్చి ఆ చప్పుడు విన్నాడు. ఎన్నిసార్లు మూసినా ఆయన మెడ అట్లా వాలేది.

"ఊపిరి వదిలింది చూశావా నాయనా? ఊపిరి వదలకపోతే అది పెట్టె కాదు, డబ్బా," అన్నాడు.

ఆ అబ్బాయి మూత మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వదిలాడు. ఏదో పెద్దింటి పెళ్ళి ఉందట, వచ్చిన పెద్దమనుషులకు వాచీలు పంచుతారట, వాటన్నిటికీ ఇట్లాంటి పెట్టెలే కావాలన్నాడు. అవి నచ్చితే ఇక ఏడాది పొడుగునా పని అన్నాడు.

సరిగ్గా అప్పుడే అల్లుడు ఇంకో కబురు తెచ్చి ఉన్నాడు. నల్లపాడు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజిలో వాచ్‌మన్ ఉద్యోగం ఖాళీ ఉందట. "ఊరికే కూర్చోడమే మావయ్యా పని. నీ వయసుకు ఇంకేం కావాలి?" అన్నాడు. ఊరికే కూర్చోవడం అన్న మాటకు ఆ మనిషి రెండు రోజులు అన్నం సరిగా తినలేదని ఆయన భార్య మస్తానమ్మ నాతో చెప్పింది.

మస్తానమ్మ నోరు పెద్దది, మనసు మంచిది. "ఆ పెట్టెల్లో మమ్మల్ని కూడా పెట్టి మూతెయ్యి, నీకు పీడా పోద్ది," అనేది మొగుణ్ణి.

"నువ్వు పట్టవు. కొలత చాలదు," అనేవాడు ఆయన.

పెట్టెలు కుదిరితే కొట్టం నిలబడుతుంది. కుదరకపోతే నల్లపాడు గేటు దగ్గర కుర్చీ. ఆయనకు ఆ సంగతి తెలుసు, మాకందరికీ తెలుసు. అందుకనే ఊరంతా తలా ఒక చెయ్యి వేసింది. ఎవరింట్లో పాత కోడు ఉందన్నా, విరిగిన గుమ్మం ఉందన్నా ఆయనకు కబురు చేసేవాళ్ళు. ఊరికే ఇవ్వడం నా చేత కాదు. మా అత్తగారి పందిరిమంచం చెదపట్టి పట్టెలు పోయాయి, ఇరుగుడు కోళ్ళు నాలుగూ మిగిలాయి. "కోళ్ళు తీసుకో. పెట్టెలన్నీ అయ్యాక నాకూ ఒకటి చెయ్యాలి," అన్నాను.

"మీకు వాచీ లేదుగా పెద్దమ్మా?"

"వాచీ లేనివాళ్ళకు పెట్టె ఉండకూడదని ఎక్కడన్నా రాసుందా?"

నవ్వి, కోడు చేతిలోకి తీసుకుని బొటనవేలు నాకాడు.

ఆయనకు ఒకే ఒక భయం ఉండేది, పుచ్చు పురుగు. వయసులో ఉన్నప్పుడు ఒక పెళ్ళికూతురికి అలమర చేసిపెడితే, ఏడాది తిరక్కుండా అందులోంచి పిండి రాలిందట. పట్టుచీరల మీద పసుపు చల్లినట్టు చెక్కపొడి. ఆ అమ్మాయి పుట్టింటివాళ్ళు అలమర తెచ్చి ఈయన కొట్టం ముందు దించి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయారట. "తిట్టినా బాగుండేది," అనేవాడు. అప్పటినుంచీ కోసిన పలకల్ని అటకమీద ఆరబెట్టేటప్పుడు పలకకూ పలకకూ మధ్య మిరపకాయలు పరిచేవాడు. మంచికాయ ఎందుకు, రంగు వెలిసిన తాలు కాయలు చాలు. అవి మా షెడ్డులోవే. వాటికి బదులు నా పీటల కాళ్ళు బాగుచేసి ఇచ్చేవాడు. పెట్టెల్లో వాచీకి కింద పెట్టే చిన్న దిండ్లకు తండ్రి విల్లుతోనే పత్తి ఏకాడు, ఆ దూదిలోనూ గుప్పెడు మిరపగింజలు కలిపి మూటగట్టి ఉంచి, కుట్టేముందు దులిపేసేవాడు.

ఇందులో మాకెవరికీ వింత కనపడలేదు. కందిపప్పు డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదు. బియ్యంలో వేస్తాం. పట్టుచీరల మడతల్లో వేసేవాళ్ళూ ఉన్నారు. చెక్కకు మాత్రం ఎందుకు పనికిరావు? "నూరేళ్ళయినా దీన్ని పురుగు ముట్టదు," అని పలకల్ని చేత్తో చరిచేవాడు. మేమూ తలూపేవాళ్ళం.

ఆ వేసవంతా పని చేశాడు. ఎండకు రేకులు కాలిపోతుంటే తడిగుడ్డ తలకు చుట్టుకుని ఉప్పు కాగితం రుద్దేవాడు. లక్క పాలిష్ పట్టి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, మళ్ళీ పట్టి. అన్నం తినమని మస్తానమ్మ తడిక అవతలినుంచి అరిస్తే, "చెక్క ఇప్పుడే మాట వింటంది, కాసేపు ఆగు," అనేవాడు. ఒక్కొక్కటీ అయినప్పుడల్లా మమ్మల్ని పిలిచి మూత వదిలి వినిపించేవాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఎర్రటి చేతులు వెనక్కు పెట్టుకుని, చెవులు పెట్టెల దగ్గర పెట్టి వినేవాళ్ళు. ముట్టుకోనిచ్చేవాడు కాదు. మరకలవుతాయని.

కారు వచ్చి పెట్టెల్ని తీసుకుపోయిన రోజు ఊళ్ళో పెళ్ళికూతుర్ని పంపినట్టే ఉంది. చెప్పిన మాట ప్రకారం నా పెట్టె నాకు తెచ్చి ఇచ్చాడు. వాడితే పాడవుతుందని నేను చీరముక్కలో చుట్టి దాచాను.

తర్వాత కొద్ది రోజులకే పెట్టెలు తిరిగి వచ్చాయి. పార్సిలు ఆటోలో, అట్టపెట్టెల్లో.

ఆ అబ్బాయి ఫోన్లో చెప్పాడట. పెట్టె తెరిస్తే చాలు కారం ఘాటు వస్తోందని, పెళ్ళివారింట్లో ఒకావిడకు దగ్గు తెరలు తెరలుగా వచ్చిందని, పెళ్ళికొడుకు తండ్రి అన్నీ వాపసు కొట్టాడని. పెట్టెలాయన ఒక పెట్టె చేతిలో పట్టుకుని మా షెడ్డులోకి వచ్చాడు. ఎప్పుడూ తడిక అవతలినుంచే పలకరించే మనిషి ఆ రోజు లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఒక్కసారి దీని వాసన చూడండి."

చూశాను. లోపలికంటా ముక్కు పెట్టి చూశాను. చెక్క వాసన, లక్క వాసన, అంతే.

"కారం వాసన ఏమన్నా వస్తందా?"

"కారమా? లేదే."

"సరిగ్గా చూడండి."

"సరిగ్గానే చూశానయ్యా. ఏమీ లేదు."

మిరపకాయల రాశి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి పోయాడు. పెట్టె చేతులు మారింది. అప్పుడు మరకల సంగతి ఆయన పట్టించుకోలేదు. ఒక్కొక్కళ్ళూ ముక్కు పెట్టి పీల్చి, లేదంటే లేదన్నారు.

"వస్తంది బాబాయ్, వాసన వస్తంది!" అంది ఒక గడుగ్గాయి.

ఆయన ముఖం పాలిపోయింది. "ఏం వాసనమ్మా?"

"నీ చుట్ట వాసన!"

అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఎంత ఊరట ఉందో నేను చూశాను.

అక్కడినుంచి గడపగడపా తిరిగాడు. టీకొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర, బడిపంతులు దగ్గర. పంతులు కళ్ళజోడు తీసి మరీ వాసన చూశాడట. అద్దంకిలో ఉన్న చెల్లెలి ఇంటికి బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని పోయాడు. వాళ్ళకూ మిరపచేలే. వాళ్ళూ లేదన్నారు. "గుంటూరు తీసుకుపోయి ఎవరికన్నా చూపిద్దునా?" అని నన్నడిగాడు. "ఈ ఊళ్ళో ఇంతమంది చెప్తుంటే ఇంకా గుంటూరు దేనికయ్యా, చార్జీలు దండగ," అన్నాను. గుంటూరు పోయినా అంతే అయ్యేది. వేసవిలో ఆ ఊరి గాలే మిరపకాయ.

మేమెవరం అబద్ధం చెప్పలేదు. మాకు నిజంగానే రాలేదు. పుట్టినప్పటినుంచీ ఆ ఘాటులోనే ఊపిరి పీల్చే వాళ్ళకు అది వాసన కాదు, గాలి. కానీ ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ముక్కు మీద అనుమానం ఎవరికి వస్తుంది?

మా అరుగు మీద కూర్చుని ఆ అబ్బాయికి ఫోన్ చేశాడు. ఆ పాత ఫోన్లో మాట సరిగా వినపడదు కాబట్టి స్పీకర్ పెట్టాడు. అందుకని నేనూ విన్నాను. ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. గొంతులో విసుగు ఉంది గాని ఎగతాళి లేదు.

"తాతా, నీ పని మీద నాకు నమ్మకం ఉంది. ఇంకోసారి చెయ్యి. ఆ కొట్టంలో కాకుండా వేరే చోట చెక్క ఆరబెట్టు. ఆ మిరపకాయలు పెట్టకు. అప్పుడు నేను తీసుకుంటాను."

"ఊరంతా వాసన చూసింది నాయనా. ఒక్కళ్ళకు కూడా రాలేదు."

"మీ ఊళ్ళో వాళ్ళకు రాదు తాతా. అదే నేను చెప్తున్నది."

"మా ఊళ్ళో వాళ్ళకు ముక్కుల్లేవా?"

"అట్లా కాదు..."

"లేని వాసనను ఎట్టా పోగొట్టమంటావు? ఉంటే కడుగుతా, ఎండబెడతా, చిత్రిక పట్టి పైపొర మొత్తం తీసేస్తా. లేనిదాన్ని యాడనుంచి తియ్యను? పెళ్ళి తప్పిపోయిందో, డబ్బుకు ఇబ్బందో, ఏదో ఉంటే ఉందని చెప్పు. నా చెక్క మీద నింద వెయ్యబాక."

"తాతా, నామాట విను..."

ఆయన ఫోన్ కట్టేశాడు. నావైపు చూశాడు.

"బాగా అడిగావు," అన్నాను.

ఆ అబ్బాయి మళ్ళీ చేశాడు. మర్నాడూ చేశాడు. ఈయన ఎత్తలేదు. ఆ తర్వాత వాడూ మానేశాడు.

కొట్టం తలుపు ఎప్పుడు మూశాడో నాకు సరిగా తెలియదు. చిత్రిక చప్పుడు లేదని తొడిమలు తీసేవాళ్ళు అంటే అప్పుడు గమనించాను. ఉలులు, బాడిస, రంపాలు నూనె రాసి గోనెపట్టాలో చుట్టి అటకమీద పెట్టాడట, ఆ పలకల పక్కనే. పెట్టెలన్నీ మంచం కింద పేర్చాడు. సాయంత్రాలు ఒకటి తీసి మూత ఎత్తి వదిలి, తల వాల్చి వినేవాడట. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకునేవాడట. "ఎందుకు వాసన చూస్తావ్, లేదని ఊరంతా చెప్పిందిగా?" అని మస్తానమ్మ కసిరితే ఇంకో పెట్టె తీసేవాడట. ఆయనకు లోపల ఎక్కడో అనుమానం మిగిలిందేమో. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆయన దగ్గర ఉన్నది మళ్ళీ ఆ ముక్కే.

తర్వాతి పంటకు ధర లేదని మా కాయను నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజిలో పెట్టడానికి లారీతో పాటు నేనూ పోయాను. బస్తాలు ఎన్ని దించారో దగ్గరుండి చూసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. గేటు దగ్గర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా, ఈల. వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆయన్ని కుర్చీలో నేనెప్పుడూ చూడలేదు.

"బాగున్నావా?" అన్నాను.

లేవబోయాడు. వద్దన్నాను.

"బాగానే ఉన్నా పెద్దమ్మా. ఊరికే కూర్చోడమేగా."

చేతికి వాచీ ఉంది. లారీలు వచ్చే టైమూ పోయే టైమూ చెప్పాలని మేనేజరు తన పాత వాచీ ఇచ్చాడట. నేను దాన్ని చూస్తున్నానని గమనించి చెయ్యి తొడకింద పెట్టుకున్నాడు.

"మళ్ళీ పని మొదలుపెట్టరాదా? ఆ అబ్బాయి కాకపోతే ఇంకొకడు," అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. అనేటప్పుడు నాకే నమ్మకం లేదు.

"ఎవరికి చెయ్యాలి పెద్దమ్మా? చేసిందాంట్లో లేని తప్పు చూపిస్తే దిద్దుకునేదెట్టా? తప్పు యాడుందో తెలిస్తే చెయ్యి దానంతటదే దిద్దుకుంటది. తెలవకపోతే చెయ్యి చచ్చిపోద్ది." అని రెండు చేతులూ చూసుకున్నాడు. బొటనవేలు నున్నగా, తెల్లగా ఉంది. నాకి చెక్కమీద రుద్దే వేలు అట్లా ఉండదు.

లారీ హారన్ కొట్టింది. ఆయన ఈల వేసి గేటు తెరిచాడు.

మొన్న ఎండల్లో ఆ కుర్చీలోనే పోయాడు. నిద్రపోతున్నాడని లారీవాడు చాలాసేపు హారన్ కొట్టాడట.

ఇదంతా మనవడి పెళ్ళానికి చెప్పాను. ఆ పిల్ల మూతికి చున్నీ అడ్డం పెట్టుకుని విన్నది. "పాపం మామ్మగారూ, ఆయనకు ఊళ్ళోవాళ్ళు ఎవరన్నా చెప్పి ఉంటే..." అంది. ఎవరు చెప్తారు? పెట్టెను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి వదిలి, మళ్ళీ పీల్చాను. చెక్క. లక్క. ఇంకేమీ లేదు. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా నా ఎదురుగా ఉన్నాయి, అయినా నాకు ఏమీ రాలేదు.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. మస్తానమ్మ. మజ్జిగ కోసం వచ్చింది. పెట్టె దాచే వ్యవధి లేదు.

"ఏంది పెద్దమ్మా, పెట్టె తీశావు?" అని పక్కన కూర్చుని ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. మూత ఎత్తి వాసన చూసింది. అది ఆమెకు అలవాటైపోయింది. "చూడు, యాడుంది వాసన? ఆ పాపిష్టోడు నోటికొచ్చిన అబద్ధం చెప్పి నా ఇంటాయన్ని కుర్చీలో కూలేశాడు. వాడి కొట్టు కాలిపోను." ఈ తిట్టు ఆమె రోజూ తిడుతుంది. దాని మీదే నిలబడి ఉంది ఆ మనిషి. మొగుడి చేతిపనిలో తప్పు లేదు, తప్పంతా లోకానిది. ఆమెకు ఆయన మిగిల్చిపోయింది అదొక్కటే.

"కొత్త కోడలా? విశాఖపట్నమంటగా. నువ్వు చూడమ్మా. చూసి ఉన్నమాట చెప్పు," అని పెట్టె ఆ పిల్ల ముందు పెట్టింది.

ఆ పిల్ల నావైపు చూసింది. నాకు అబద్ధం అలవాటు లేదు. బస్తా తూకంలో గాని, మాటలో గాని ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు.

"దానికి జలుబు చేసింది మస్తానమ్మా. రెండు రోజులనుంచీ ముక్కు పనిచెయ్యడం లేదు," అన్నాను.

"అయ్యో, అట్టనా," అంది మస్తానమ్మ. పెట్టెను తన ఒళ్ళోకి లాక్కుని మూత వదిలింది. అది మెల్లగా దిగి, హుష్‌మంది. మస్తానమ్మ మెడ పక్కకు వాలింది, అచ్చం ఆయన మెడ లాగే. "ఇంకా ఊపిరి వదుల్తానే ఉంది పెద్దమ్మా," అంది.

మజ్జిగ చెంబు తీసుకుని వెళ్ళింది. వాకిలి దాటే లోపల, అప్పటిదాకా బిగబట్టుకున్న తుమ్ము ఆ పిల్ల ఆపుకోలేకపోయింది. ఒకటి, వెంటనే ఇంకొకటి.

మస్తానమ్మ వెనక్కు తిరిగింది.

"జలుబు గట్టిగానే పట్టిందే. మిరియాల కషాయం కాచి ఇవ్వు పెద్దమ్మా."

ఇస్తానన్నాను.